వెచ్చని సీసము

మాఘమాసపు ప్రాతఃకాలమున నల్లరేగడి నేలలపై మంచు ఇంకను వీడక తెల్లని వలిపెమువలె పరచుకొనియుండగా తూర్పుదిక్కున కుంకుమవర్ణపు కాంతిరేఖ యొకటి మెల్లమెల్లగా పొడసూపుచు పక్వావస్థనొందిన పొద్దుతిరుగుడు పూవుల వంచిన శిరస్సులకు పైనుండియే పలకరింపు పంపుచుండెను. గింజలు నిండి భారముచే వ్రాలిన యా పుష్పమండలములు రచ్చకట్టయొద్ద తీర్పునకు నిలిచిన దోషులవలె నేలచూపులు చూచుచుండ మరకతచ్ఛాయల రామచిలుకలు గుంపులు గుంపులుగా దిగివచ్చి నిర్భయముగా గింజలను మెక్కి పొట్టును మాత్రము రైతునకు మిగుల్చుచుండెను.

అట్టి వేళ బజారప్ప యను కాపు రాళ్లు రువ్వు వడిసెలను భుజమున వ్రేలవైచుకొని తన చేని సరిహద్దు గెట్టుపై గొంతుకూర్చుండి చిలుకలను గాక మనుష్యుని కనిపెట్టుచుండెను. ఆ మనుష్యుడు పొరుగుచేని కౌలుట్లయ్యకు అల్లుడు; మద్దిలేటి యనువాడు. చిలుకలను బెదరించుటకై డేగవలె నెగురు బొమ్మవిమానమొకటి పట్టణమునుండి తెచ్చెనని ఊరెల్ల చెప్పుకొనుచుండెను. ఊరెల్ల చెప్పుకొను మాటను బజారప్ప ఎన్నడును నమ్మినవాడు కాడు.

నమ్మకపోవుటకు వానికొక కారణము కలదు. ఏటేట దున్నకము వేళ అతడు నాగటికర్రును గెట్టువైపునకు రవంత ఒరగించుచు చాలుపిమ్మట చాలుగా పొరుగునేలను కలుపుకొనుచు వచ్చెను. గెట్టు మెల్లగా జరిగెను, కౌలుట్లయ్య ఎరుగడు. ఆకసమునుండి నేలను కొలుచు యంత్రములు వచ్చినవనియు వాని ముక్కున నల్లని కన్నొకటి యుండుననియు వారపుసంతలో విన్ననాటినుండి బజారప్పకు మింట కాకి యెగిరినను గుండె గుభిల్లుమనుచుండెను. గుమ్మడికాయల దొంగ యనినంతనే భుజములు తడుముకొను చందము వానిది.

మద్దిలేటి దుప్పటి పరచి అట్టపెట్టెనుండి థర్మాకోలు మొండెమును రెక్కలను తోకను ఒక్కొక్కటిగా వెలికిదీసి డేగరూపమున చిత్రితమైన యా విహంగమును కూర్చనారంభించెను. నల్లని సన్నని కడ్డీని రెండు రెక్కల గర్భమున దూర్చి ఒడలికి బిగించెను. తోకకు బంక రాచి అది ఆరునంతవరకు కదలక పట్టుకొనెను. ఆరిన పిమ్మటను నమ్మక ప్రతి సంధిని లాగి చూచెను. మొదట చేతిలోని రిమోటును వెలిగించి ఆ తరువాతగాని బ్యాటరీ తీగను కలుపడయ్యెను. ముక్కుకు పంఖా తొడుగకయే రిమోటుపుల్లను కుడికి త్రోసిన తోకరెక్కయు కుడికి తిరుగునో లేదో మాటిమాటికి పరీక్షించెను. పిదప తీగను ఊడదీసి రెక్కల క్రింద గురుతుపెట్టిన చోట రెండు చూపుడువ్రేళ్లను మోపి యెత్తగా ఆ కృత్రిమశ్యేనము త్రాసుముల్లువలె నిశ్చలముగా నిలిచెను.

"ఏమోయి అల్లుడా! పెండ్లిచూపులనాడు పిల్లనైన నింతగా పరీక్షించితివా?" అని బజారప్ప పలికెను.

"లేదు మామా. అందుచేతనే దీనిని పరీక్షించుచున్నాను."

ఊరి అల్లుడు ఊరందరికిని అల్లుడే గనుక అతనిని ఎగతాళి చేయుట ఆ సీమ పెద్దలకొక హక్కు. బదులు చెప్పుట అల్లునికిని హక్కే. బజారప్ప నోరు నవ్వెను. కన్నులు నవ్వలేదు.

"చేలలోని కూలివారిని వెనుకకు పిలిచి వచ్చెదను మామా. ఎవరును దీని దరిజేరకుండ చూడుము" అని చెప్పి మద్దిలేటి వెడలెను. దొంగచేతికి తాళపుచెవి చిక్కెను.

బజారప్ప నాలుగుదెసల పరికించి విమానపు ముక్కుమీది మూతను గోటితో ఎత్తెను. బ్యాటరీకి ముందు నల్లగా నిగనిగలాడుచు గుండ్రని వస్తువొకటి అతికియుండెను. ఇదియే కన్నని వానికి నిశ్చయమయ్యెను. పెరికి నడుమున రొంటిన దోపుకొని మూత మూసి మరల గెట్టెక్కి వడిసెల సవరించుకొనెను.

మద్దిలేటి తిరిగివచ్చి కూర్చుండి ప్రతి సంధిని మొదటినుండియు లాగి చూడ మొదలిడెను.

"కట్టిన ఎద్దును విప్పి మరల కట్టుదురటయ్యా?"

"నా కన్ను మరలినది గదా మామా. కన్ను మరలిన పిమ్మట నా చేతిపనినైనను నేను నమ్మను."

వ్రేళ్లపై నెత్తినంతనే తోక క్రిందికి వ్రాలెను. మద్దిలేటి మూత తెరచి లోపల చూచెను. "ముక్కుబరువు పోయినది. సీసపుబిళ్ల. అది లేక యెగసినచో ముక్కెత్తి తడబడి ఎవరి నెత్తిన పడునో చెప్పజాలను" అనుచు రెక్కలను విప్పదొడగెను. "మధ్యాహ్నపు బస్సుకు నేను పోవలెను. ఈ యేటికి చిలుకలదే అదృష్టము."

అప్పుడే సద్దిమూటతో వచ్చిన బజారప్ప భార్య సుంకులమ్మ ఆ మాట విని "అయ్యో! కౌలుట్లన్న చేని చిలుకలు పోయినచో మన చేనివి ఉండునా అని ఆశపడితిని గదా! ఇక పొట్టు వండుకొని తినవలసినదే" అని భర్తవైపు తిరిగి వగచెను. ఆమె మాటకు సాక్ష్యమన్నట్లు పచ్చని మేఘమొకటి గిరికీలు కొట్టి బజారప్ప చేననే వ్రాలెను.

సీసమా? కన్ను కాదా? ఈ పట్టణపువాని మాట నమ్మదగునా? గింజ పోయినచో ఏడాది కష్టము పోవును; గుట్టు బయటపడినచో తలయెత్తుకొను దారి పోవును. చిలుకలు గింజ గింజగా ఆ తర్కమును కొరికి పారవేయుచుండెను. తుదకు బజారప్ప పెడమొగము పెట్టి రొంటిలోనిదానిని పచ్చికలో జారవిడిచి వంగి తీసి "ఇదిగో! ఇచ్చట పడియున్నదే!" అని కేకవైచెను.

మద్దిలేటి దానిని అరచేతనుంచుకొనెను. పచ్చిక మంచుతో చల్లనై యుండెను. దుప్పటి చల్లనై యుండెను. అతని వ్రేళ్లును చల్లనై యుండెను.

"వెచ్చగా నున్నది మామా" అని మాత్రమనెను.

"ఎండ తగిలియుండును" అని బజారప్ప పలికెను. ఎండ అంతవరకు పూవుల తలలనైనను దాటి దిగలేదు. సుంకులమ్మ తన భర్త రొంటివంక నొకమారు చూచి కొంగు నోటికడ్డముంచుకొనెను.

మద్దిలేటి మఱేమియు అడుగక బిళ్లను యథాస్థానమున నతికించి విప్పిన రెక్కలను బిగించి మరల వ్రేళ్లపై తూచి పంఖా తొడిగి తీగ కలిపి పిడికెడు దుమ్ము విడిచి గాలివాలు చూచి అందరిని తన వెనుకకు రమ్మని డేగను గాలికెదురుగా విసరెను. అది యెగసెను. ఎగసినంతనే చిలుకలు కకావికలై రెండు చేలను విడిచి పరుగులిడెను.

"దీనికి కన్నెచ్చట నుండును?" అని బజారప్ప తుదకు అడిగెను.

"కన్ను లేదు మామా. చూచువాడను నేనే."

ఆ మాటలో ముల్లున్నదో లేదో బజారప్పకు తెలియలేదు. డేగనీడ చేలమీదుగా సూటిగా జారి గెట్టును దాటినప్పుడెల్ల ఆ సూటిదనము చెంత గెట్టువంకర పామువలె మెలిదిరిగి వాని కన్నులయెదుటనే తోచుచుండెను.

తొలకరినాడు బజారప్ప నాగలిని తనవైపునకు ఒరగించి దున్ని కలుపుకొన్న నేలనెల్ల విడిచెను. కౌలుట్లయ్య వచ్చి విశాలమైన తన చేని అంచును చూచి సంతసింపలేదు. "బజారప్ప ఊరక విడుచువాడు కాడు, ఇందేదో మోసమున్నది" అనుకొని గెట్టుపై గొంతుకూర్చుండి పొరుగువానిని కనిపెట్టసాగెను. గెట్టు తన చోటికి మరలినను అనుమానము దానిని దాటిపోయి అవతలి చేన వ్రేళ్లూనెను. తన చేతిపనిని శంకించువాని శంక ఒకపూటతో తీరును. ఎదుటివానిని శంకించువాని శంక ప్రతి తొలకరికిని మరల మొలచును.