మేజోడులో తాళంచెవి

ఫోన్ లైన్లన్నీ ఒక్కసారే మిణుకుతున్నాయి, లోపల లైవ్ మొదలైపోయింది, ఆమె కళ్ళజోడు మాత్రం కనిపించడం లేదు.

బల్లంతా తడిమింది. కీబోర్డు కింద లేదు. చేతిసంచీలో లేదు. నెత్తి మీదైనా ఉందేమోనని తల కూడా తడుముకుంది. హెడ్‌సెట్‌లో ప్రొడ్యూసర్ తరుముతున్నాడు. "అక్కా, కాలర్ ఏడీ? యాంకరమ్మ దగ్గర మాటలు అయిపోతున్నాయి." తెర మీద అక్షరాలు చీమల బారులా పాకుతున్నాయి. చేతికి తగిలిన లైను నొక్కి, సినిమా ఎలా ఉందో ఒక్క ముక్కలో చెప్పమని అడిగి, అవతలి మనిషి బాగుందనగానే లోపలికి తోసేసింది.

ఛానల్ వాళ్ళు సొంతంగా తీసిన క్రిస్మస్ ప్రేమకథ అప్పుడే అయిపోయింది. దాని వెనకాలే ప్రేక్షకుల అభిప్రాయాలు, ప్రత్యక్ష ప్రసారం. ఫోన్ చేసినవాళ్ళెవరైనా ముందు ఆమెకే తగలాలి. తాగి మాట్లాడేవాళ్ళను, బూతులు తిట్టేవాళ్ళను, అసలెందుకు ఫోన్ చేశారో మరిచిపోయినవాళ్ళను వడగట్టి, మిగిలినవాళ్ళను స్టూడియోలోకి పంపడం ఆమె పని. ఏళ్ళ తరబడి ఇదే కుర్చీ. ఇన్నేళ్ళలో ఆమె గొంతు ఒక్కసారి కూడా బయటికి వినబడలేదు. వినబడకుండా ఉండడమే ఆ కుర్చీకి మొదటి నియమం. ఆమె గదికీ స్టూడియోకీ మధ్య అద్దం గోడ. దీపాల వెలుగులో కూర్చున్నవాళ్ళకు ఆ అద్దంలో తమ మొహాలే కనబడతాయి. చీకట్లో ఉన్న ఆమె కనబడదు. ఆ వెలుగులో ఇవాళ యాంకర్ పక్కన సినిమా రచయిత కూర్చున్నాడు. ఆ రచయిత ఆమె మొగుడు.

కళ్ళజోడు పోతే పోయింది, ఇంకోటి చేయించుకోవచ్చు. దాన్ని ఎక్కడ పెట్టిందో గుర్తు లేకపోవడమే ఆమె ప్రాణాలు తోడేస్తోంది. కాసేపటి క్రితం ముక్కు మీదే ఉంది. తీసి తుడిచింది. బల్ల మీద పెట్టింది. పెట్టిందా, పెట్టాననుకుందా? ఈ ప్రశ్న మొదలైతే చాలు, అరికాళ్ళు చల్లబడతాయి. అమ్మకూ ఇలాగే మొదలైంది. మొదట పేర్లు పోయాయి, తర్వాత దారులు. ఒకరోజు ఫ్రిజ్ తలుపు తీస్తే పాలగిన్నె పక్కన అమ్మ దువ్వెన కనబడింది. ఆఖరికి కన్నకూతుర్ని గుమ్మంలో చూసి, మీరెవరమ్మా, మంచినీళ్ళు కావాలా అని అడిగింది. పెళ్ళయిన కొత్తలో ఆ దువ్వెన సంగతి చెప్పి మొగుడి భుజం మీద ఏడ్చింది ఆమె. అతను తల నిమిరాడు. "నీకలా జరిగితే నేనున్నాగా" అన్నాడు. అప్పుడది ఓదార్పులాగే వినిపించింది.

జరుగుతూనే ఉంది. బ్యాంకు కార్డు సబ్బుల అరలో దొరికింది, అప్పట్నుంచీ కార్డు అతని దగ్గరే. మతిమరుపు మనిషి బండి నడపకూడదని స్కూటర్ అమ్మేశాడు. స్టవ్ ఆపానా లేదా అని రాత్రుళ్ళు పక్క మీంచి లేచి లేచి చూసుకుంటుంది. చుట్టాలొస్తే అతను నవ్విస్తాడు. "మా ఆవిడ మతిమరుపు మహారాణి. పొద్దున్న లేవగానే, తల మెడ మీదే ఉందోయ్, తడిమి చూసుకో అని నేను గుర్తుచెయ్యాలి." అందరూ నవ్వుతారు. తాగిన కప్పులు ఏరుతూ ఆమె కూడా నవ్వుతుంది, నవ్వకపోతే అది కూడా మతిమరుపు కిందే జమ కడతారని. ఈమధ్య ఉద్యోగం మానెయ్యమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. ఏదో ఒకరోజు ఏ తాగుబోతునో లైవ్‌లోకి వదులుతావు, పోయేది నా పరువు అంటాడు. రేపు పొద్దున ఛానల్ పెద్దాయన దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళాలి. మాట్లాడేది అతను. తల ఊపాల్సింది ఆమె. ఊపితే, తన మతి పోయిందని తనే ఒప్పుకున్నట్టు.

"అక్కా, ఇంకొకళ్ళు."

ఒక రిటైరైన లెక్కల మాస్టారు దొరికాడు. మంచు అంతా సబ్బు నురగేనని, హీరోయిన్ చెప్పుల దగ్గర బుడగలు పేలడం తన కళ్ళారా చూశానని, అయినా ఆ తాళంచెవి సీన్లో కళ్ళు చెమర్చాయని చెప్పాడు. తర్వాత ఒక దర్జీ ఆవిడ. హీరోయిన్ ఎర్ర కోటుకు భుజం కుట్టు సరిగ్గా కూర్చోలేదంది. తాళంచెవి సీను మాత్రం అద్భుతమంది. "మా ఆయనా ఉన్నాడు. నేను ఊరెళ్తానంటే దాచడం మాట అటుంచండి, సంచీ తెచ్చి గుమ్మంలో పెడతాడు." స్టూడియో అంతా నవ్వులు.

అందరికీ నచ్చింది ఆ ఒక్క సీనే. పట్నంలో ఉద్యోగం దొరికిన అమ్మాయి పండగ ముందురోజు బయలుదేరబోతుంటే, ఆమెను ప్రేమించిన వడ్రంగి ఆమె కారు తాళంచెవిని క్రిస్మస్ కానుకల కోసం గోడకు వేలాడదీసిన ఎర్ర మేజోడులో దాచేస్తాడు. ఆమె ఇల్లంతా వెతుకుతుంది. అతనూ పక్కనే ఉండి వెతుకుతాడు. ఈలోగా మంచు కురిసి దారి మూసుకుపోతుంది. సాయంత్రానికి ఆమె మేజోడులో చెయ్యి పెట్టి, తాళంచెవి చూసి, పడీ పడీ నవ్వి, దాన్ని మంచులోకి విసిరేస్తుంది. కాలేజీ అమ్మాయి ఒకతె మాత్రం వేరేగా మాట్లాడింది. "వెళ్ళొద్దని అడగొచ్చు కదండీ. దాచడం ఏంటి? నాకు ఒళ్ళు జలదరించింది." ఆమె వేలు ఒక్క క్షణం ఆగింది. కార్యక్రమానికి ముందు మొగుడు ఈ గదిలోకి వచ్చి, కుర్చీ వెనక నిలబడి, భుజం నొక్కి చెప్పి వెళ్ళాడు. ఇవాళ పుల్లవిరుపు మాటలేవీ లోపలికి రాకూడదని. ఆ అమ్మాయిని లోపలికి కలపకుండానే లైను కట్ చేసింది. ఎందుకో తనకు కూడా ఒళ్ళు జలదరించింది.

ఆఖర్న 'మనవాళ్ళ ఫోను'. ప్రతి కార్యక్రమంలోనూ ఒకటో రెండో అలాంటివి ఉంటాయి, ముందే మాటలు నేర్పించి పెట్టుకున్నవి. ఇవాళ్టిది అత్తగారిది. కొడుకు కూర్చోబెట్టి మరీ పాఠం అప్పజెప్పించుకున్నాడు.

"అత్తయ్యా, లోపలికి కలుపుతున్నాను."

"కలుపు. అమ్మాయ్, ఆ నీలం చొక్కా వాడికి ఎంత బాగుందే. ఇస్త్రీ నువ్వేనా?"

నేనేనని చెప్పి కలిపింది.

అత్తగారు నేర్చుకున్న పాఠం తప్పు లేకుండా ఒప్పజెప్పింది. ఇలాంటి కొడుకును కన్నందుకు గర్వంగా ఉందంది. చప్పట్లు మోగాయి. ఆవిడ అక్కడితో ఫోన్ పెట్టేయాలి. కానీ యాంకర్ ఊరుకోలేదు, మీకు బాగా నచ్చిన సీను ఏదమ్మా అని అడిగింది.

"ఇంకేముందీ, తాళంచెవే. అది మా ఇంట్లో జరిగిందే కదా" అంది అత్తగారు. గొంతులో ముచ్చట ఉట్టిపడుతోంది. "మా కోడలికి అప్పట్లో వార్తలు చదివే ఉద్యోగానికి పిలుపొచ్చింది. పొద్దున్నే ముస్తాబై బయలుదేరబోతే స్కూటర్ తాళంచెవి లేదు. మావాడు దాన్ని మేజోడులో వేసుకుని ఇల్లంతా తిరిగాడండీ. కుంటుతున్నావేంట్రా అంటే నాకు కన్ను గీటాడు. పైగా మంచం కిందికి దూరి టార్చి వేసి వెతకడం ఒకటి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, అది వెర్రిబాగులది, అదేం పట్టుకుంటుంది? టైము దాటిపోయాక తీసి ఫ్రిజ్‌లో పెట్టాడు. పెళ్ళాన్ని ఒక్కపూట బయటికి పంపలేనంత ప్రేమండీ వాడికి."

స్టూడియో ఘొల్లుమంది. ఎంత రొమాంటిక్ అంటూ యాంకర్ గుండె మీద చెయ్యి వేసుకుంది.

చీకటి గదిలో ఆమె చేతులు బల్ల అంచును పట్టుకున్నాయి. ఫ్రిజ్. ఆ రోజు వంటింట్లోంచి అతని పిలుపు ఎంత మెత్తగా ఉందో ఇప్పటికీ గుర్తే. ఇటు రావోయ్, కంగారు పడకు, ఇలా చూడు అన్నాడు. పాలగిన్నె పక్కన తాళంచెవి. ఆమె వంటింటి నేల మీద కూలబడిపోయింది. తాళంచెవి పోయినందుకు కాదు, అమ్మ దువ్వెన కళ్ళముందు కదిలినందుకు. ఇంట్లో ఎన్ని అరలు, ఎన్ని గూళ్ళు, ఎన్ని సొరుగులు. సోఫా కింద పడేసి ఉంటే ఆమె తన అజాగ్రత్తను తిట్టుకుని ఊరుకునేది. అతను అన్నీ వదిలి ఫ్రిజ్ తలుపే తీశాడు. సరిగ్గా పాలగిన్నె పక్కనే పెట్టాడు. దువ్వెన సంగతి ఈ లోకంలో ఆమె చెప్పుకున్నది ఒక్కడికే.

ఇన్నాళ్ళూ తన తల అంటే భయం. ఇప్పుడు ఆ భయం తలలోంచి లేచి, నీలం చొక్కా వేసుకుని, అద్దానికవతల కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

అతని నవ్వు చెదరలేదు. "అమ్మకు వయసైందండీ" అన్నాడు మైకులో, మహా ప్రేమగా. "ఈమధ్య అన్నీ కలిపేస్తోంది. సినిమాలో చూసింది ఇంట్లో జరిగిందనుకుంటోంది. మా ఇంట్లో ఆడవాళ్ళిద్దరికీ మతిమరుపే. ఇద్దర్నీ నేనే చూసుకోవాలి." బల్ల కింద నుంచి అతని చెయ్యి కట్ చెయ్యమని సైగ చేసింది. ప్రొడ్యూసర్ ప్రకటనలు వదిలాడు. అత్తగారి లైను స్టూడియోలోంచి బయటికొచ్చి ఆమె చెవిలో మిగిలింది.

"అమ్మాయ్, ఉన్నావా? వాడేంటి అలా అంటాడు? నేను కలిపేస్తున్నానా?" ఇందాకటి ముచ్చట ఆ గొంతులో మచ్చుకైనా లేదు. "పొద్దున నా మందుల డబ్బా కూడా కనబళ్ళేదు. నేనే ఎక్కడో పడేశానన్నాడు. మంచం పక్కనే పెట్టుకున్నట్టు గుర్తు. పెట్టుకున్నానంటావా?"

ఆ గొంతులోని వణుకు ఆమె ఎరిగినదే. రోజూ తన గొంతులో తను వినేదే.

"అత్తయ్యా, తాళంచెవి ఫ్రిజ్‌లో పెట్టడం మీరు కళ్ళారా చూశారా?"

"చూడకేం? పాలు కాస్తూ అక్కడే నిలబడ్డానాయె."

"నా బ్యాంకు కార్డు?"

"అదీ వాడే. ఏదో ఒకటి దాచి ఆడిస్తుంటాడుగా నిన్ను. మొగుడూ పెళ్ళాల సరసం, మధ్యలో ముసలిదాన్ని నాకెందుకని ఊరుకున్నా. నీకు తెలిసే నవ్వుతున్నావనుకున్నానే."

"మీ మతి బాగానే ఉంది అత్తయ్యా" అంది ఆమె. ఆ మాట అంటుంటే తన చెవికి కూడా వినబడింది.

వెనక తలుపు తెరుచుకుంది. తిరిగి చూడక్కర్లేదు, ఆ సెంటు వాసన చాలు. భారమైన చెయ్యి భుజం మీద పడింది. బొటనవేలు ఎముక పక్కన దిగింది.

"అమ్మను మళ్ళీ కలపకు" అన్నాడు మొగుడు, గొంతు పెంచకుండా. "మిగతాది ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం. కళ్ళజోడు మళ్ళీ పారేశావటోయ్? ఇలాంటిదాన్ని ఈ కుర్చీలో ఎలా ఉంచుతారు? రేపు పెద్దాయనతో ఇది కూడా చెబుదాం."

వెళ్ళిపోయాడు. కళ్ళజోడు పోయిందని ఆమె ఎవరికీ చెప్పలేదు. స్టూడియోలోంచి చూస్తే అతనికి అతని మొహమే కనబడుతుంది. ఇప్పుడు నిలబడింది వెనక. ఆమె ముక్కు మీద కళ్ళజోడు లేదని అతనికెలా తెలుసు?

ఇంటికెళ్ళాక అన్నాడు. ఆ ఇంటి తాళాలు అతని జేబులో ఉంటాయి. ఆ ఇంట్లో మందుల డబ్బా వెతుక్కుంటూ ఒక ముసలి ప్రాణం ఒంటరిగా ఉంది. రేపు తను తల ఊపితే, ఎల్లుండి ఆవిడ ఊపుతుంది. ఆ తర్వాత ఇద్దరూ ఏం చెప్పినా, మతి లేనివాళ్ళ మాటలని అందరూ నవ్వుతారు, తను కప్పులు ఏరుతూ ఉంటుంది.

"అక్కా, ప్రకటనలు అయిపోతున్నాయి. మంచి కాలర్‌ని ఇవ్వు, ముగించేద్దాం."

లైన్లు మిణుకుతున్నాయి. వాటి పక్కనే ఒక పసుపు బటన్ ఉంది. రోజూ పని మొదలెట్టే ముందు లైన్లు సరిచూడ్డానికి తన గొంతునే స్టూడియోలోకి పంపుకునే బటన్ అది. లైవ్ నడుస్తుండగా దాన్ని ముట్టుకున్నవాళ్ళు మర్నాడు పనిలో ఉండరు. కుర్చీలోంచి లేచి పారిపోదామనిపించింది. కళ్ళజోడు లేకపోయినా ఆ బటన్ ఎక్కడుందో చేతికి తెలుసు. నొక్కింది.

"హలో, చెప్పండి. ఎవరు మాట్లాడుతున్నారు?" అంది యాంకర్.

గొంతు సవరించుకుంది. ఆ సవరింపు స్టూడియో అంతా వినబడింది. మొగుడి తల చటుక్కున అద్దం వైపు తిరిగింది.

"ఇందాక ఆ పెద్దావిడ చెప్పిన కోడల్ని."

చెవిలో ప్రొడ్యూసర్ గాభరా పడుతున్నాడు, అక్కా, ఇది నీ గొంతు, నీ గొంతు బయటికెళ్తోంది అని. యాంకర్ మాత్రం పండగొచ్చినట్టు మురిసిపోయింది. మీవారు మీ తాళంచెవి దాచేశారటగా, నిజమేనా అని అడిగింది.

"మా అత్తయ్య ఏదీ కలిపేయలేదండీ. ఆవిడ మతి శుభ్రంగా ఉంది. నా మతీ శుభ్రంగానే ఉంది." గొంతు వణుకుతోంది. వణకనిచ్చింది. "సినిమాలో అమ్మాయిలా తాళంచెవి చూసి నేను నవ్వలేదు. పిచ్చెక్కుతోందనుకుని ఇన్నేళ్ళు ఏడ్చాను. ఇంట్లో దొంగ తిరుగుతుంటే నన్ను నేనే అనుమానించుకున్నాను."

యాంకర్ నవ్వు సగంలో ఆగింది. ఏదో ఒకటి అనాలి గనక అంది. "మరి... దొంగ దొరికాడా?"

అద్దానికవతల అతను లేచి నిలబడ్డాడు. ఆమె కుర్చీలోంచి కదలలేదు, బటన్ మీంచి వేలు తీయలేదు.

"దొరికాడు. మా ఆయన. మీ పక్కనే నిలబడి ఉన్నాడు."