మౌస్ కదిపిన ముప్పై నాలుగు రోజులు

కొత్తగూడ క్లినిక్‌లో డాక్టర్ సురేంద్ర గారు నా ఫారాలు రెండూ పక్కపక్కన పెట్టారు. మైగ్రేన్ వల్ల గడిచిన మూడు నెలల్లో ఎన్ని రోజులు పని చెయ్యలేకపోయారని అడిగే ఫారాలవి. ఇంజెక్షన్లకు ముందు ఆరు అని రాశాను. మూడు నెలలు వేయించుకున్నాక ఐదు.

"ఒక్క రోజు తేడాను గుణం అనలేమమ్మా. సగమన్న తగ్గాలె. గిట్లుంటే ఇగ ఆపేద్దాం" అన్నారు.

ఈ మూడు నెలల్లోనే నేను మళ్ళీ మనిషినయ్యాను.

తప్పు నాదే. మా ఐటీ వాళ్ళకు సెలవు పెడితేనే పని పోయినట్టు లెక్క, అందుకే మొదటి ఫారంలో తక్కువ చేసి ఆరు అని రాశాను. అప్పట్లో ఇంటి నుంచే పని. మణికొండ ఫ్లాట్‌లో కర్టెన్లు మూసి, తల గట్టిగా కట్టుకుని పడుకున్నా, ఆఫీసు చాట్‌లో నా పేరు పక్కన, పనిలో ఉన్నానని చూపించే పచ్చచుక్క వెలుగుతూనే ఉండేది. ఎలా వెలిగిందో మా ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఇప్పుడు రోజూ ఆఫీసుకు వెళ్ళాలి, నొప్పొస్తే సెలవే.

ఈ ఫారం మా కంపెనీ బీమా వాళ్ళకు వెళుతుంది, అక్కడి నుంచి ఆఫీసుకూ చేరుతుంది. నిజం చెబితే ఉద్యోగం ఊడొచ్చు, చెప్పకపోతే మందు ఆగిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పక్కనే కూర్చున్న మా అత్తయ్య బాలాత్రిపురసుందరి గారు గొంతు సవరించుకున్నారు.

"ఆ ఆరు తప్పండి, డాక్టరు గారూ. ఇది మంచం మీద పడుంటే ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పొద్దస్తమానం మౌస్ కదిపింది నేను. దానికోసం మా అపార్ట్‌మెంట్‌లో రోజూ చేసే లలితా పారాయణం ఎగ్గొట్టాను. ఆ మూడు నెలల్లో ముప్పై నాలుగు రోజులు రాలేదని పారాయణం నడిపే కమలమ్మ గారు అందరిలో కడిగేశారు కూడానండి."

డాక్టరు గారు నవ్వలేదు. నా వైపు తిరిగారు. "ముప్పై నాలుగు నుంచి ఐదంటే మందు మంచిగ పనిచేసినట్టే. కానీ నేను దిద్దితే మీ కంపెనీ చూస్తది. నిజమేనా?"

పెద్దావిడ పొరబడ్డారనాలని నోటిదాకా వచ్చింది. అత్తయ్య నా వైపు చూడలేదు. నాకోసం ఆవిడ దొంగపని చేశారు, ఇప్పుడు నాకోసమే ఒప్పుకున్నారు. సిగ్గేసింది.

"నిజమేనండి" అన్నాను.

ఆయన ఆరు కొట్టేసి ముప్పై నాలుగు వేసి, సంతకానికి పెన్ను ఇచ్చారు. ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవచ్చు. వెతుక్కోవాలన్నా ముందు మంచం మీద నుంచి లేవాలి కదా. సంతకం పెట్టేశాను.