ఎడమ సీటు

అశ్వారావుపేటలో బెంజి బలరాం ఎక్కడుంటాడని అడిగితే సత్తుపల్లి రోడ్డులోని రేకుల షెడ్డు చూపిస్తారు. షెడ్డుకు బోర్డు లేదు. ట్రాక్టర్లు, పామాయిల్ గెలలు మోసే లారీలు, పంచాయతీ ట్యాంకర్లు, డీజిలు తాగే బండి ఏదైనా అక్కడికే వస్తుంది. పేరు మాత్రం ఒక్క కారు వల్ల వచ్చింది. ఆ కారు స్టీరింగు బలరాం ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా పట్టలేదు. వచ్చే గురువారం ఆ కారు హైదరాబాదు పోతోంది.

కారు బసవపున్నయ్యది. ఆయన గుడివాడ దగ్గరి పల్లె నుంచి నలభై ఏళ్ల కిందట వచ్చి ఇక్కడ భూమి కొన్నాడు. పొగాకు వేశాడు, తర్వాత పామాయిల్ వేశాడు. 2003లో విజయవాడ వెళ్లి, బెంజి సర్కిల్ దగ్గర ఒక కాంట్రాక్టరు అమ్ముతున్న బండిని చూసి తెచ్చుకున్నాడు. 1996 మోడలు, పుణేలో బిగించిన డీజిలు బండి, ఐదు సిలిండర్లు. ఆ సర్కిల్‌కు ఆ పేరు ఒకప్పటి లారీల షోరూం వల్ల వచ్చిందని అక్కడివాళ్లు చెబుతారు. బెంజి కారు బెంజి సర్కిల్‌లోనే కొన్నానని ఆయన చాలాకాలం చెప్పుకున్నాడు.

తెచ్చిన నెలకు బండి తోట గేటు ముందు ఆగిపోయింది. బలరాంను పిలిచారు. అతను బానెట్ ఎత్తి చూశాడు. పంపు దగ్గర డీజిలు పైపులు ప్లాస్టిక్‌వి, లోపలిది కనిపిస్తుంది. వాటిలో గాలి బుడగలు తిరుగుతున్నాయి. పైపు చివరల రబ్బరు రింగులు గట్టిపడ్డాయి. కొలత చూసుకుని రింగులు మార్చాడు, గాలి తీశాడు, ఇంజను అందుకుంది.

రిపేరు అయ్యాక ట్రయల్ కొట్టేది మెకానిక్. ఏ షెడ్డులోనైనా అంతే. బసవపున్నయ్య తాళం చాచాడు. "ట్రయల్ కొట్టుకురా బలరాం."

బలరాం చేయి సగం లేచింది. అయితే ఈ ప్రాంతంలో ఎవరైనా ఏదైనా ఇస్తే మొదటి మాటకే తీసుకోరు. అన్నం తినమంటే ఇప్పుడే తిన్నానంటారు. రెండోసారి అడిగితే చేయి కడుక్కుంటారు. బలరాం ఆ మర్యాదలోనే పెరిగాడు.

"మీరు నడపండి సార్. నేను పక్కన కూచొని ఇంటా."

అని, రెండో పిలుపు కోసం ఆగాడు. బసవపున్నయ్య అతని ముఖం కేసి చూశాడు. సరేనని తాళం పెట్టి తిప్పాడు. బలరాం ఎడమ సీట్లో కూచున్నాడు. దమ్మపేట దాకా వెళ్లి వచ్చారు. వచ్చే దారిలో రెండో సిలిండరులో డీజిలు చిమ్మే నాజిల్ బాగాలేదని బలరాం చెప్పాడు. విప్పి చూస్తే అదే.

ఆ వారంలోనే బసవపున్నయ్య హోటళ్లలో, గెలల తూకం దగ్గర చెప్పటం మొదలుపెట్టాడు. "మా బలరాం స్టీరింగు ముట్టడయ్యా. చెవితో చూస్తాడు." నెల తిరక్కుండా షెడ్డుకు పేరు వచ్చింది. కొత్తగూడెం నుంచి, ఏలూరు నుంచి బళ్లు వచ్చాయి. మిగతా అందరి బళ్లకూ బలరామే ట్రయల్ కొట్టాడు. ఈ ఒక్క బండికి మాత్రం ఎడమ సీటు అతనిదైపోయింది. చెవితో చూసే మనిషి స్టీరింగు ఇమ్మని ఎట్లా అడుగుతాడు?

నడపాలన్న కోరిక ఆ కారుతో పుట్టింది కాదు. అతని మేనమామ గంగయ్య భద్రాచలం అడవి నుంచి కాగితం మిల్లుకు వెదురు తోలేవాడు. లారీ ముక్కు మీద మూడు కొమ్మల నక్షత్రం ఉండేది. 1954 నుంచి పదిహేనేళ్లు టాటా వాళ్లు జర్మనీ బెంజి వాళ్లతో కలిసి లారీలు చేశారు. ఒప్పందం అయిపోయాక కొత్త లారీలకు నక్షత్రం రాలేదు. డ్రైవర్లు మాత్రం బెంజి లారీ అనటం మానలేదు. పంతొమ్మిదేళ్లప్పుడు బలరాం ఆ లారీ మీద క్లీనరు. పొద్దున్నే గంగయ్య గుడ్డ ఇచ్చి ముందు నక్షత్రం తుడిపించేవాడు, ఆ తర్వాతే అద్దం. "దీని కారు గూడ ఉంటదటరా. మనం సూసేది గాదు," అనేవాడు. గంగయ్య చూడలేదు. టేకులపల్లి దగ్గర వాగులో లారీ కొట్టుకుపోయిన ఏడాదే పని మానేశాడు, రెండేళ్లకు పోయాడు.

కంపెనీ కథ బలరాంకు బసవపున్నయ్య చెప్పాడు. ప్రతి ట్రయల్‌కూ కొంత చెప్పేవాడు. 1886లో కార్ల్ బెంజి మూడు చక్రాల బండికి పేటెంటు తీసుకున్నాడు. బండి చేశాడు గాని దాన్ని దూరం తీసుకుపోయే ధైర్యం చేయలేదు. జనం నవ్వారు. రెండేళ్ల తర్వాత అతని భార్య బెర్తా ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, భర్తకు చెప్పకుండా పుట్టింటికి బయల్దేరింది. సుమారు వంద కిలోమీటర్లు. దారిలో ఆయిలు అయిపోతే మందుల షాపులో కొన్నది. గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. బ్రేకు అరిగితే చెప్పులు కుట్టేవాడితో తోలు వేయించింది. ఆ ప్రయాణం తర్వాతే జనం ఆ బండిని నమ్మారు. తర్వాత డైమ్లర్ కంపెనీ, బెంజి కంపెనీ 1926లో కలిశాయి.

ఒకసారి బసవపున్నయ్య కొడుకు ఉదయ్ భాస్కర్ వెనక సీట్లో ఫోను చూస్తూ ఇంకో సంగతి చదివాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ ఫ్యాక్టరీల్లో వేలమందిని పట్టుకొచ్చి బలవంతంగా పని చేయించారు. ఆ తర్వాత చాలా ఏళ్లకు కంపెనీ ఒప్పుకుంది.

"ఆళ్ల పేర్లు యాడనన్న రాసిన్రా?" అని బలరాం అడిగాడు.

"తెలీదన్నా," అన్నాడు ఉదయ్ భాస్కర్. ఆ రోజు బసవపున్నయ్య కథ చెప్పలేదు.

ఇప్పుడాయనకు డెబ్బై ఎనిమిది. షుగరు కంటి వెనక పొరను తినేసింది. బండి నడపవద్దని ఖమ్మం డాక్టరు రాసిచ్చాడు. కారు పద్నాలుగు నెలలుగా తోట ఇంటి షెడ్డులో ఉంది, రిజిస్ట్రేషను గడువు దాటింది. హైదరాబాదులో పాత కార్లు పోగుచేసే ఒకాయన అడిగితే ఉదయ్ భాస్కర్ అమ్మటానికి ఒప్పుకున్నాడు. ఇంజను నడిచే స్థితిలో ఇవ్వాలి. సోమవారం తాళం బలరాం చేతికి వచ్చింది.

తాళం ఇంటికి తెచ్చి టీవీ పక్కన పెట్టాడు. భార్య చిన్నక్క దాన్ని తీసి చూసింది.

"ఎట్లాగు పోతది గద. ఒక్కసారి నన్ను ఎక్కించుకొని పాల్వంచ దాక తిప్పుకరా. నీ పక్కన కూసుంటా."

"దాన్ని నడపకూడదు. కాయితాలు లెవ్వు."

"మరి ఇన్నాళ్లు ఉన్నయ్ గద. ఎన్నడన్న అడిగితివా నన్ను?"

బలరాం కంచంలో చేయి ఆపాడు. "నేనే నడపలే చిన్నక్కా."

"ఏంది?"

చెప్పాడు. మొదటి రోజు తాళం చాచిన సంగతి, తను వద్దన్న సంగతి, రెండోసారి ఆయన అడగని సంగతి. ఆమె మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అంది. "ఊరంత బెంజి బలరాం పెండ్లామంటరు నన్ను. ఆ జర్మనామె కథ నాకు ఎన్నిసార్లు చెప్పినవ్? ఆమె మొగుణ్ని గూడ అడగకుంట తీస్కపోయింది. నువ్వు అడగలేక ఇరవై ఏండ్లు కూసున్నవ్."

"ఆమె ఇంటి బండి అది."

"ఆమెకు రోషం ఉండె. గురువారం అడుగు. అడగకుంటే ఇంటికి రాకు, ఆడ్నే ఎడమ సీట్ల పండుకో."

మంగళవారం ట్యాంకు దించి కడిగాడు. బుధవారం హీటర్ ప్లగ్గులు మార్చి, పైపులకు కొత్త రింగులు వేసి, గాలి తీశాడు. సాయంత్రం నాలుగింటికి ఇంజను అందుకుంది. తోటలో కూలీలు వెళ్లిపోయారు. ఉదయ్ భాస్కర్ సత్తుపల్లిలో ఉన్నాడు. చెట్ల వరుసల మధ్య కంకర బాట ముప్పావు కిలోమీటరు తిన్నగా కాలువ దాకా పోతుంది. అడిగేవాడు లేడు. బలరాం డ్రైవరు వైపు తలుపు తీసి, నిలబడి, లోపలికి చేయి పెట్టి ఇంజను ఆపేశాడు. దొంగతనంగా నడిపితే నడిపినట్టు కాదని అతనికి అనిపించింది. ఆయన ఇస్తే నడపాలి.

గురువారం పదింటికి బసవపున్నయ్య ఉతికిన చొక్కా వేసుకుని, కర్రతో వచ్చాడు. ఉదయ్ భాస్కర్ వెంట ఉన్నాడు.

"ట్రయల్ అయిందా?"

"మీరు రాకుంట ఎట్లయితది సార్."

"బలరామన్నా, నువ్వే నడుపు. నాన్న పక్కన కూచుంటారు," అన్నాడు ఉదయ్ భాస్కర్.

ఇదే సమయం. బలరాం నోరు తెరిచాడు.

"వాడు స్టీరింగు ముట్టడురా," అన్నాడు బసవపున్నయ్య. "తాళం ఇలా తే."

"నాన్నా, మీకు కనపడదు!"

"తోటలో ఎవరున్నారు గుద్దటానికి? నేను నాటిన చెట్లేగా. ఎక్కడున్నాయో నాకు తెలుసు."

ఉదయ్ భాస్కర్ బలరాం వైపు చూశాడు. వద్దని చెప్పు అన్నట్టు చూశాడు. ఒక్క మాట చాలు. మీకు కండ్లు కనబడయి సార్, నేను నడుపుతా అంటే అది నిజం, దాన్ని ఎవరూ తప్పు అనరు. ముసలాయన చేయి చాచి ఉంది. చేయి బలరాం వైపు లేదు, రెండడుగుల పక్కకు ఉంది. అతను ఎక్కడ నిలబడ్డాడో ఆయనకు కనిపించలేదు.

బలరాం పక్కకు జరిగి తాళం ఆ చేతిలో పెట్టాడు.

కారు మొదటి గేరులో బాట మీదికి వచ్చింది.

"ఎడమకు సార్. ఇంకొంచెం. సాలు."

"రెండో గేరు వేస్తున్నా."

"వేయండి. ముంగట గొయ్యి ఉంది, మెల్లగ."

సగం దూరం వెళ్లాక బసవపున్నయ్య అడిగాడు. "ఏం వినపడుతోంది?"

"ఏం ఇనలే సార్. రోడ్డే సూస్తున్న."

ఆయన నవ్వాడు. కాలువ దగ్గర బండి ఆపాడు. ఇంజను నడుస్తూనే ఉంది. బలరాం ముందు అద్దంలోంచి కాలువ వైపు చూస్తూ చెప్పాడు.

"సార్, మొదటిసారి మీరు తాళం ఇస్తే నేను వద్దన్న. యాదికుందా?"

"ఉంది."

"మర్యాదకన్న. ఇంకోసారి అడుగుతరనుకున్న."

బసవపున్నయ్య స్టీరింగు మీది చేతులు తీయలేదు. "తెలుసయ్యా."

"ఏంది సార్?"

"మా కృష్ణా జిల్లాలోనూ అంతే కదా. రెండోసారి అడగాలని మాకు తెలీదా? అడిగితే తీసుకుంటావని అడగలేదు. తెచ్చి నెలే అయింది. నాకే మనసు తీరలేదు. వచ్చేసారి ఇద్దాంలే అనుకున్నా. ఈలోపు నీకు పేరొచ్చింది. ఇంకేమివ్వను?"

బలరాంకు కోపం రావలసింది. రాలేదు. తను కూడా ఇచ్చేవాడు కాదేమో అనిపించింది.

"ఇప్పుడన్న ఇస్తరా?"

ఈ మాట బయటికి రావటానికి ఇరవై రెండేళ్లు పట్టింది. బసవపున్నయ్య బానెట్ వైపు చూశాడు. ఆయనకు అక్కడ ఎంత కనిపిస్తుందో బలరాంకు తెలియదు.

"ఇవ్వలేనయ్యా. ఇంటిదాకా నన్ను నడపనియ్యి. ఇవాళే ఆఖరు."

"సరే సార్. ఎనకకు తిప్పండి. కుడికి పూర్తిగ కొట్టండి."

ఇంటి ముందు కార్లు మోసే లారీ వచ్చి ఉంది. డ్రైవరు లాలు దాని వెనక రేకును ఏటవాలుగా నేలకు దించి, బీడీ కాలుస్తున్నాడు. బసవపున్నయ్య బండిని ఆ రేకుకు ఎదురుగా ఆపి దిగాడు. ఇంజను ఆపలేదు. తలుపు మూయలేదు. కర్ర వెతుక్కుని నాలుగడుగులు వెళ్లి నిలబడ్డాడు.

"తాడుతో గుంజాల్నా, ఎవరన్న ఎక్కిస్తరా?" అన్నాడు లాలు. "గుంజితే ముందు బంపరు కింద గీస్కపోతది. ఎక్కిస్తే మంచిగుంటది. ఎవరు డ్రైవరు?"

ఉదయ్ భాస్కర్ తండ్రిని చూశాడు. తండ్రి ముఖం చెట్ల వైపు ఉంది.

"బలరాం," అన్నాడాయన, ఇటు తిరక్కుండానే. "ఎక్కించు."

బలరాం చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. కూచున్నాడు. సీటు ముసలాయన ఎత్తుకు సరిచేసి ఉంది, మోకాళ్లు స్టీరింగుకు తగిలాయి. జరుపుకోలేదు. క్లచ్ నొక్కి గేరు వేశాడు. క్లచ్ అతను అనుకున్నదానికన్నా పైన పట్టింది. బండి కదిలింది.

"సీదా రా అన్నా, సీదా," అంటూ లాలు రెండు చేతులూ ఊపాడు.

ముందు చక్రాలు రేకు ఎక్కాయి, ముక్కు లేచింది. నేల కనిపించటం మానేసింది. బానెట్, దాని చివర నక్షత్రం, దాని వెనక ఆకాశం. బలరాం ఆక్సిలేటరు కొంచెం ఒత్తాడు. ఐదు సిలిండర్లూ ఎక్కడా తడబడకుండా బరువు తీసుకున్నాయి. వెనక చక్రాలు కూడా ఎక్కి, బండి సమంగా నిలిచింది. నడిపింది మొత్తం నలభై అడుగులు.

లాలు తెరిచి ఉన్న కిటికీ అంచు మీద తట్టాడు. "అయిపాయె. బంద్ జెయ్ అన్నా, దిగు. పట్టీలు కట్టాలె."

అంత ఎత్తు నుంచి తోట గేటు, అవతల అశ్వారావుపేట రోడ్డు, రోడ్డు మీద గెలల ట్రాక్టరు కనిపిస్తున్నాయి. బలరాం చేతులు స్టీరింగు మీద ఉన్నాయి. గేరు న్యూట్రల్‌లో ఉంది. ఇంజను నడుస్తోంది.

"అన్నా, పొద్దుగూకేలోపు సూర్యాపేట దాటాలె నేను."

"అవ్. దిగుతున్న," అన్నాడు బలరాం. అని, కిటికీ అద్దం పైకి ఎత్తుకున్నాడు.