మాణిక్యమ్మ పేరున్న లారీ

నేను ఒక లారీని. ఎవరి లారీని అన్న దాని మీద కోర్టులో ఏడాది పాటు వాదించుకున్నారు. నన్నడిగితే ఒక్క మాటలో చెప్పేదాన్ని. కానీ లారీని సాక్షిగా పిలిచే చట్టం ఇంకా రాలేదు.

గుంటూరులో బాడీ కట్టించుకుని మిర్చి వ్యాపారి లక్ష్మీపతి ఇంటికి చేరాను. వచ్చిన రోజునే ఆయన పెయింటర్‌ను పిలిచి, నా నుదుటి మీద చనిపోయిన తన తల్లి పేరు రాయించాడు, మాణిక్యమ్మ అని. పొద్దున్నే ఆ పేరుకు దణ్ణం పెట్టుకున్నాకే డ్రైవరుకు తాళం ఇచ్చేవాడు. మిర్చి తూచే కాటా దగ్గర మాత్రం ఆ భక్తి కనిపించేది కాదు. అయినా నాకు ఆయనంటే ఇష్టమే, ఏం చేస్తాం!

ఒక ఏడు అంకమ్మ అనే రైతు పండించిన మిరపకాయలన్నీ నా మీదే ఎత్తించాడు. డబ్బుకు మాత్రం రేపు, మాపు అంటూ తిప్పించుకున్నాడు. ఆమె కోర్టుకెక్కింది. కేసు ఎదురు తిరుగుతోందని తెలియగానే నన్ను తన బావమరిది గురుమూర్తి పేరుకు మార్చేశాడు. గురుమూర్తిది కిరాణా కొట్టు. మోకాళ్ల నొప్పులతో నా క్యాబిన్ కూడా ఎక్కలేడు పాపం. కాగితం మీద యజమాని ఆయన. డీజిలూ, టైర్లూ, పొద్దుటి దణ్ణమూ లక్ష్మీపతివే.

డిక్రీ అంకమ్మకే వచ్చింది. ఆ డబ్బు చేతికందకపోతే బ్యాంకు తాకట్టులో ఉన్న ఆమె రెండెకరాలూ వేలానికి పోతాయి. నన్ను జప్తు చెయ్యడానికి కోర్టు అమీనా వచ్చినప్పుడు ఆమె కూడా వెంట వచ్చింది.

"ఈ బండి నాది కాదమ్మా, మా బావమరిదిది," అన్నాడు లక్ష్మీపతి తొణక్కుండా.

"నా కాయలు ఎత్తుకుపోయిన రోజున మీదేగా షావుకారూ!" అంది అంకమ్మ.

నాకు సిగ్గేసింది.

అమీనా నన్ను కోర్టు ఆవరణకు తోలించి, కోర్టు హాలు కిటికీ పక్కన నిలబెట్టించాడు. బండి నాదంటూ గురుమూర్తి పిటిషన్ వేశాడు. కాగితంలో పేరు ఆయనదే కనక, అసలు యజమాని ఎవరో రుజువు చేసే భారం అంకమ్మ మీద పడింది. ఇన్సూరెన్సూ, టైర్ల బిల్లులూ లక్ష్మీపతే కట్టాడని ఆమె లాయరు సరోజినిగారు చూపించారు.

"బావ చేబదులు ఇచ్చాడండి," అన్నాడు గురుమూర్తి. ఈ జవాబు ఇంటి దగ్గరే వల్లె వేసుకొచ్చాడు.

"బండి ముందు మాణిక్యమ్మ అని ఉంది. ఎవరావిడ?" అని అడిగారు సరోజినిగారు.

"మా బావ వాళ్లమ్మగారండి."

"మీ అమ్మగారి పేరు?"

"అన్నపూర్ణమ్మండి."

"మరి మీ బండి మీద మీ అమ్మగారి పేరెందుకు లేదు?"

ఇది వల్లె వేయని ప్రశ్న. గురుమూర్తి మొహం తుడుచుకున్నాడు. "దానికేముందండీ, రేపే అది గీకించేసి మా అమ్మ పేరు రాయిస్తాను."

వెనక బెంచీలోంచి లక్ష్మీపతి దిగ్గున లేచాడు. "ఒరేయ్! మా అమ్మ పేరు మీద చెయ్యి పడిందంటే ఊరుకోను. నా బండిరా అది!"

జడ్జిగారు ఆ మాట రాయించుకుని, గురుమూర్తి పిటిషన్ కొట్టేశారు.

వేలంలో నన్ను ఒక ఇటుకల వ్యాపారి కొన్నాడు. అంకమ్మ పొలం ఆమెకు దక్కింది. నన్ను తోలుకుపోయే ముందు లక్ష్మీపతి వచ్చి, కండువాతో తల్లి పేరు మీద దుమ్ము తుడిచి వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు పాత ఇనుప సామాన్ల కొట్టులో ఉన్నాను. ఇటుకలాయన వేయించిన రంగు వానలకు పెచ్చులూడి, అడుగునున్న మాణిక్యమ్మ మళ్లీ బయటపడింది. నా కాగితాల్లో ఎందరి పేర్లు మారాయో గుర్తులేదు. నాది అని గొంతెత్తి అరిచింది మాత్రం లక్ష్మీపతి ఒక్కడే, అదీ నేను చెయ్యిజారిపోయే రోజున.