చిన్న గేరు తోరాలు

మా ఆయన భీమేశ్వరరావుగారికి పెళ్లిచూపుల్లో నేను నచ్చడానికి అయిదు నిమిషాలు పట్టిందట. ఆ బండి నచ్చడానికి అంత కూడా పట్టలేదు. తేడా ఏమిటంటే, పెళ్లయిన ఏడాదికే నాలో బోలెడు లోపాలు కనిపించాయి ఆయనకు. ఇరవై రెండేళ్లయినా ఆ బండిలో ఒక్కటంటే ఒక్కటి కనిపించలేదు.

ఏ కంపెనీదో చెప్పను. చెబితే ఆయన విని మళ్లీ మొదటినుంచీ మొదలుపెడతారు. ఫోర్ వీల్ బండి. అంటే బురదలో దిగబడితే వెనక చక్రాలతోపాటు ముందు చక్రాలు కూడా తిరిగి లాగుతాయట. అందుకోసం పెద్ద గేరు పక్కన ఇంకో చిన్న గేరు. బరంపురం బజారులో మాకు కిరాణా హోల్‌సేల్ కొట్టుంది. ఇంటి నుంచి కొట్టుకి కిలోమీటరు తారురోడ్డు. ఆ కిలోమీటరు కోసం మా ఆయన కొండలెక్కే బండి కొన్నారు.

ఈ జబ్బు ఆయనొక్కరిదే అయితే సరిపెట్టుకునేదాన్ని. వీళ్లకో సంఘం ఉంది. ఆదివారం పొద్దున్నే హల్దియాపదర్‌లో కొండలు అనే మెకానిక్ షెడ్డు దగ్గర బెంచీ మీద చేరతారు. పట్టుచీరల హేమచంద్రగారు దానికి పెద్ద. ఆయన బండి వారంలో అయిదు రోజులు ఆ షెడ్డులోనే ఉంటుంది. మిగిలిన రెండు రోజులూ ఆయన దాన్ని పొగుడుతారు. ఒకసారి టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్లి వాళ్ల మాటలు చెవులారా విన్నాను.

"ఇప్పటి బండ్లేటి బావా, రేకు డబ్బాలు," అన్నారు మా ఆయన. "ఇది పాత ఇనుము. పాడైతే మన కొండలు సుత్తి, స్పానరుతో బాగు సేసేత్తాడు. కొత్తదానికైతే కంప్యూటరోడు రావాల."

"మరే! ఏనుగు సచ్చినా ఎయ్యే, బతికినా ఎయ్యే," అన్నారు హేమచంద్రగారు. అప్పటికి ఆయన ఏనుగు ఇంజను ఊడదీసి గోనెపట్టా మీద పెట్టి ఉంది.

కాకిపిల్ల కాకికి ముద్దు అని ఊరికే అన్నారా! డబ్బా అక్కడ పెట్టేసి వచ్చేశాను.

నా సంగతి కూడా చెప్పాలి. నేను అప్పడాలు చేస్తాను. బరంపురం అప్పడానికి ఉన్న పేరు మీకు తెలిసిందే. అందులో వరలక్ష్మి అప్పడానికి ఉన్న పేరు మా వీధికి తెలుసు. పెరటి షెడ్డులో పుణ్యవతి, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఒత్తుతారు. పిండి దంచడానికి మిషనుంది. ఫైలిన్ తుఫాను వచ్చిన ఏడాది కొండలే దాన్ని తయారు చేశాడు. అంతకు ముందు రోకలితో దంచేదాన్ని. మణికట్లు రెండూ వాచిపోయి, ఇంక రోకలి పట్టుకుంటే చేతులు పనికిరాకుండా పోతాయని డాక్టరు గట్టిగా చెప్పాడు. కొట్లో సరుకంతా తుఫానుకి తడిసి పాడైపోయిన రోజులవి. మిషను కొనమని ఏ మొహం పెట్టుకుని అడుగుతాను? నా పేరున ఉన్నది ఈ ప్రపంచంలో అదొక్కటే, అదీ పోతోందని గోడవైపు తిరిగి ఏడ్చాను. పది రోజులకి కొండలు రిక్షా మీద ఈ మిషను తెచ్చి దింపాడు. "పాత సామాను ఏదో దొరికితే సేసినాడట," అన్నారు మా ఆయన, అటు తిరిగి చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

పన్నెండేళ్లయింది. ఒక్కరోజు మొరాయించలేదు. కొత్త మిషన్లు అమ్మేవాళ్లు రంగురంగుల కాగితాలు పట్టుకుని ఏటా వస్తారు, ఏటా పంపించేస్తాను. అది చూసి మా ఆయన, "నీకూ నాకూ తేడా ఏటే?" అంటారు. నా మిషనెక్కడ, ఆయన బండెక్కడ! పోలిక ఉండాలా వద్దా?

ఇక ఆయన భక్తి చూడాలి మీరు. సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వస్తుంది కదా, మా ఊళ్లో ఇనుము ముట్టుకునేవాళ్లందరూ చేస్తారు. ఆ రోజు ఆయన బండి కడిగి, బొట్లు పెట్టి, ఆ చిన్న గేరుకి పసుపు తోరం కడతారు. పాత తోరం విప్పరు. దాని మీదే కొత్తది. ఏళ్లు గడిచేసరికి ఆ చిన్న గేరు, దాని పక్కనున్న పెద్ద బోల్టు కలిసి ఒకే పసుపు ముద్దయిపోయాయి. ఎవరైనా దాని మీద చెయ్యి వేస్తే, "తోరం తెగితే అరిష్టం!" అని కేకలేసేవారు. పైగా పిసినారితనం ఒకటి. ఒకే కొబ్బరికాయ కొట్టి, ఒక చిప్ప బండి ముందు, ఇంకో చిప్ప నా మిషను ముందు పెట్టేవారు. "ఇంత కొట్టు పెట్టుకుని ఇంకో కాయకి గతి లేదా మనకి?" అని ఏటా అనేదాన్ని. "ఒకటి సాల్లే," అనేవారు.

ఈ శ్రావణంలో గొడవ ముదిరింది. రంభలో ఢిల్లీశ్వరరావుగారని పెళ్లిళ్లకు వంటలు చేయించే ఆయన ఉన్నారు. ఎవరింట్లోనో నా అప్పడం తిని కబురు చేశారు. గురువారం పెళ్లికి రెండు వేల అప్పడాలు కావాలి, పదకొండు గంటలకి వంటవాళ్ల చేతిలో ఉండాలి, నచ్చితే ఇకమీదట ఆయన చేసే పెళ్లిళ్లన్నిటికీ నావే. వీధి దాటని నా పేరు చిలికా ఒడ్డుకి వెళ్లబోతోంది. నేను సామాన్ల ఆటో మాట్లాడతానన్నాను.

"మన బండుండగా ఆటో ఏటే? జనం నవ్విపోరా?" అన్నారాయన.

"జనం నవ్వితే నవ్వనీండి. మీ బండి మధ్యలో ఆగిపోతే నా పేరు సిలికాలో కలిసిపోద్ది."

మాట మీద మాట పెరిగింది. చివరికి పుణ్యవతిని సాక్షిగా పెట్టుకుని పందెం వేసుకున్నాం. బండి పదకొండులోపు చేరిస్తే దాన్ని అమ్మమని ఈ జన్మలో నేను అడగను. చేర్చకపోతే ఆదివారంనాడే అమ్మేసి నా అప్పడాలకి వ్యాను కొనాలి. కొనేవాడు సిద్ధంగానే ఉన్నాడు. ఛత్రపూర్ కుర్రాడు వినయ్, భువనేశ్వర్‌లో ఉద్యోగం. పాత ఫోర్ వీల్ బండ్లంటే పడి చస్తాడు. ఆ జబ్బు కుర్రాళ్లకి కూడా అంటుకుందన్నమాట.

గురువారం పొద్దున్న ఎనిమిదిన్నరకి బయల్దేరాం. నిజం చెప్పొద్దూ, బండి బాగానే నడిచింది. ఛత్రపూర్ దాటాం. రంభ ఇంకో నాలుగు కిలోమీటర్లుందనగా టైము పది కాలేదు. ఓడిపోయానని పళ్లు నూరుకుంటున్నాను. సరిగ్గా అప్పుడు మా ఆయనకి హైవే మీద విసుగు పుట్టింది.

"సెరువొడ్డున దారుంది. దగ్గర. మనది ఫోర్ వీల్ కదా," అని, నేను వద్దనేలోపే తిప్పేశారు.

రాత్రంతా వాన పడింది. దారి అనుకున్నది దారి కాదు, అడుసు. అర కిలోమీటరు వెళ్లగానే వెనక చక్రాలు బొడ్డుదాకా దిగిపోయాయి. ఆయన రేజ్ చేసినకొద్దీ బురద లేచి వెనక అద్దం నిండిపోయింది.

"ఏయండి మీ సిన్న గేరు!" అన్నాను. "ఇరవై రెండేళ్లు దాసింది ఈ రోజుకే కదా!"

ఆయన కదలలేదు. "తోరాలున్నాయి కదే," అన్నారు నెమ్మదిగా.

పదింపావు. నాకు ఒళ్లు మండిపోయింది. అప్పడాల కట్టలకు కట్టిన తాళ్లు కొయ్యడానికి తెచ్చిన కత్తి తీసి పన్నెండు తోరాలూ పరపరా కోసేశాను. అరిష్టమో గిరిష్టమో, నా అప్పడాల తరవాతే. చిన్న గేరు పట్టుకుని నేనే లాగాను. వెన్నలాగా వచ్చింది. ఆయన మొహం మాత్రం పాలిపోయింది.

"తొక్కండి," అన్నాను. తొక్కారు. వెనక చక్రాలు ఇంకో జానెడు దిగాయి. నేను దిగి చూద్దును కదా, ముందు చక్రాలు ఉలకవు, పలకవు.

కొండలుకి నేనే ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. "కొండలూ, సిన్న గేరేసినాం. ముందు సక్రాలు తిరగట్లేదు, ఏటి సెయ్యాల?"

"ఎలాగ తిరుగుతాయమ్మా? షాఫ్టు నేదు కదా!" అన్నాడు. "ఇంజను బలం ముందు సక్రాలకి అందించే కడ్డీ అమ్మా. అది తీసేసి పన్నెండేళ్లైపోనాది. బాబుగోరు సెప్పనేదేటి?"

"ఎందుకు తీసినావు? ఏటైనాది ఆ షాఫ్టు?"

"మీ మిషిన్లోనే ఉన్నాదమ్మా," అన్నాడు కొండలు. "అదే కదా పిండి దంచుతున్నాది. అప్పుడు బయట కొనడానికి బాబుగోరికి సేతిలో ఏటీ నేదు. బండిలోది తీసి ఎట్టీరా అన్నారు. మీకు సెప్పొద్దన్నారు."

ఫోన్ పెట్టేశాను. మా ఆయన స్టీరింగ్ వైపు చూస్తూ కూర్చున్నారు. నాకు కోపం రావాలి, రాలేదు. సిగ్గేసింది. తోరాలు భక్తితో కట్టినవి కావు. ఎవరూ ఆ గేరు లాగకూడదని, లాగితే గుట్టు బయటపడి నేను బాధపడతానని కట్టినవి. ఏటా ఆ ఒక్క కొబ్బరికాయ రెండు చిప్పలు ఎందుకయ్యేదో కూడా అప్పుడే తెలిసింది. పన్నెండేళ్లు ఆయన్ని పిసినారి అన్నాను.

"అయినా ఫోర్ వీల్ అని డప్పు కొట్టుకున్నారెందుకండీ?" అన్నాను.

"ఫోర్ వీలే కదే," అన్నారాయన. "రెండు బండికి. రెండు నీకు."

ఇంతలో వెనకనుంచి చేపల బుట్టలు దించి వస్తున్న సామాన్ల ఆటో ఒకటి గట్టు అంచున గట్టి నేల చూసుకుంటూ జాగ్రత్తగా వచ్చింది. నడిపేది ముత్యాలు అనే ఆవిడ. నలభై ఏళ్లుంటాయి, తలకి తువ్వాలు. మూడు చక్రాల ఆటో మా నాలుగు చక్రాల బండి పక్కన ఆగింది.

"దిగబడిపోనారేటి? ఇటేపు ఎవులైనా వొస్తారేటమ్మా!" అని, నేను సంగతి చెప్పగానే ప్లాస్టిక్ పట్టా పరిచి కట్టలన్నీ తనే ఎక్కించింది. పదకొండుకి పది నిమిషాలుందనగా పెళ్లివారి వంటశాలలో దిగాను. ఢిల్లీశ్వరరావుగారు ఒక అప్పడం నూనెలో వేయించి, విరిచి, నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నారు. కళ్లు తెరిచాక, కార్తీకం దాకా పెళ్లిళ్లన్నిటికీ మాట ఇచ్చేశారు.

బండి మాత్రం సాయంత్రం ట్రాక్టరు లాగితే బయటికొచ్చింది. అందులోనే ఇద్దరం ఇంటికి బయల్దేరాం. బరంపురం పొలిమేరలో ఆయనే నోరు విప్పారు. "ఆదివారం వినయ్‌ని రమ్మన్నాను. మాటంటే మాటే. నీకు వ్యాను కావాల కదా." వద్దనాలని నాలిక చివరిదాకా వచ్చింది. పందెం నాదే, వద్దనడానికి మొహం చెల్లలేదు.

ఆదివారం కొండలు షెడ్డుకి నేనూ వెళ్లాను. వినయ్ వచ్చీ రాగానే చాప వేసుకుని బండి కింద దూరాడు. సెల్‌ఫోన్ లైటు అటూ ఇటూ తిరిగింది. కింద నుంచే అడిగాడు.

"అంకుల్, ముందు షాఫ్టు ఏదండీ?"

బెంచీ మీద హేమచంద్రగారు గ్లాసు పెదవుల దాకా ఎత్తి ఆపేశారు. పన్నెండేళ్లు ఆదివారం ఆదివారం ఫోర్ వీల్ గురించి చెప్పిన మా ఆయన, సంఘం మొత్తం ముందు తల దించుకుని నిలబడ్డారు.

"ఉన్నాది బాబూ," అన్నాడు కొండలు. "అమ్మగోరి అప్పడాల మిషిన్లో ఉన్నాది. కొయ్యనేదు. ఎప్పుడైనా కావాలంటారేమోనని పట్టీలేసి బిగించినాను. గంటలో ఇప్పీగలను."

వినయ్ మోకాళ్లు దులుపుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "అయితే ప్రాబ్లమ్ లేదు ఆంటీ. షాఫ్టు లేకపోతే దీనికి తుక్కు రేటు. దాంతో ఇస్తే నేనన్న రేటు ఇచ్చేస్తాను, వ్యాను వచ్చేస్తుంది. మీ పాత మిషను ఎందుకు ఇంకా? ఇంతకి డబుల్ స్పీడ్‌వి ఉన్నాయి."

అందరూ నావైపు చూశారు, మా ఆయన తప్ప. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇప్పటి మిషిన్లేటి బాబూ, రేకు డబ్బాలు!" అన్నాను. "ఇది పాత ఇనుము. పాడైతే మన కొండలు సుత్తి, స్పానరుతో బాగు సేసేత్తాడు. నీ కొత్తదానికైతే కంప్యూటరోడు రావాల. షాఫ్టు ఇవ్వను. దాని బండీ ఇవ్వను. ఎల్లిరా నాయనా!"

ఈ మాటలు ఎక్కడ విన్నానా అని నాకే అనుమానం వచ్చింది. హేమచంద్రగారు టీ పంచె మీద ఒలకబోసుకుని మరీ నవ్వారు. "వొదినా, బెంచీ మీద ఇంకొకరికి సోటుంది. ఆదివారం వొచ్చీయండి!"

ఇప్పుడు రంభకి నా అప్పడాలు ముత్యాలు ఆటోలో వెళుతున్నాయి. వెనక హైవే మీద మా ఆయన ఖాళీ బండిలో కాపలా వస్తారు. వద్దంటే వినరు. అందులో నేను కూర్చుంటాను.

మొన్న విశ్వకర్మ పూజకి కోసేసిన తోరాల చోట ఆయన కొత్తది కట్టబోతుంటే, పసుపు దారం నేనే అందించాను. ఎప్పటిలాగే ఒక్క కొబ్బరికాయే తెచ్చారు. నేనేమీ అనలేదు.