కోటు అంచులో కస్తూరి

పెళ్లయి ఇరవై రోజులు. రోజలీకి ఏది చూసినా ముద్దొస్తోంది. కెటిల్ మూత టకటకలాడడం, బిగుసుకున్న తలుపును ఇసిడోర్ భుజంతో నెట్టే తీరు, అతని మేజోడులోంచి తొంగిచూసే బొటనవేలు. నీళ్లలో బతికే బొచ్చు జంతువు బీవర్‌ను వసంతకాలంలో వేటాడడానికి చర్చిల్ నది పక్కన ఈ దుంగల గుడిసెకు వచ్చి రెండు వారాలైంది. ఆమె తండ్రిది చేపల పని. పడవలు తెలుసు, కాలేజీలో చదివిన పుస్తకాలు తెలుసు, బోనులు తెలియవు.

ఇసిడోర్ వేటకు వెళ్లిన కాసేపటికి అత్తగారు ఫిలొమీన్ కణతలు నొక్కుకుంటూ రేకుడబ్బా తీసింది. తలనొప్పికి ఆమె మందు ఎండిన బీవర్ కస్తూరే. కాస్త గీరి వేడినీళ్లలో వేసుకుని తాగుతుంది.

"ఇందులో ఇంకో ముక్క ఉండాలే. నువ్వు గానీ తిన్నావేమే, కోడలు పిల్లా?"

రోజలీ బుగ్గలు ఎరుపెక్కాయి. "నేనే తీశానత్తమ్మా. ఎంత మంచి వాసనో! కొత్త తోలూ వెనిలా కలిపినట్టు. పట్నంలో ఆడవాళ్లు సీసాలు కొని మెడకి రాసుకునే అత్తర్లలో కూడా ఇది కలుపుతారు. అందుకని ఆయన కోటు అంచులో పెట్టి కుట్టేశా. దారిపొడుగునా నేను గుర్తొస్తానని."

అత్తగారు పగలబడి నవ్వుతుందనుకుంది. ఆవిడ నవ్వలేదు.

"ఏ కోటు?"

"ఇవాళ వేసుకెళ్లిందే."

ఫిలొమీన్ డబ్బా మూత పెట్టకుండానే లేచింది.

బీవర్ తోక దగ్గరి తిత్తుల్లో ఉండే ఆ కస్తూరిని వేటగాళ్లు పుల్లకు రాసి గట్టున గుచ్చుతారు. పరాయి బీవర్ ఏదో తన కాలవలో జొరబడిందని అక్కడి బీవర్ కోపంగా వచ్చి బోనులో పడుతుంది. ఈ ఏడు ఆ వాసన మర్మం ఒక ఎలుగు కనిపెట్టింది. పుల్ల నుంచి పుల్లకు నడుస్తూ, బోనుల్లో పడ్డవాటిని తిని పోయింది. అప్పట్నుంచి ఇసిడోర్ కస్తూరి ముట్టడం మానేశాడు. చేతితొడుగులు బూడిదనీళ్లతో ఉతికాడు. ఉత్త కొమ్మలే ఎరగా పెడుతున్నాడు. ఎలుగు తిరుగుతోందని రోజలీకి చెప్పారు. అది దేని వెంట తిరుగుతోందో చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు. అక్కడ పుట్టినవాళ్లకు అది చెప్పాల్సిన మాట కాదు.

ఉన్న ఒక్క తుపాకీ ఇసిడోర్ దగ్గరే ఉంది. ఫిలొమీన్ గొడ్డలి తీసుకుంది. "పరిగెత్తకు. నా అడుగులోనే అడుగెయ్యి."

కరుగుతున్న మంచులో అతని బూట్ల జాడ లోతుగా కనిపిస్తోంది. రెండో మలుపు దగ్గర ఆ జాడ మీద ఇంకో జాడ పడింది. వెడల్పు పాదం, ముందు అయిదు గోళ్లు. ఇసిడోర్ టీ కాచుకున్న చోట అది కూడా ఆగింది. మంచు మీద కూర్చున్న గుర్తు ఉంది. అతను లేచి నడిచేదాకా కాచుకుని ఉన్నట్టుంది.

"అత్తమ్మా, నా మూలంగానే..."

"తర్వాత ఏడుద్దువుగాని. నడు."

బీవర్లు కాలవకు అడ్డంగా కట్టుకున్న కట్ట దగ్గర గొడ్డలి చప్పుడు వినిపించింది. ఇసిడోర్ ఇవతలి గట్టున వంగి కొమ్మలు నరుకుతున్నాడు. తుపాకీ కట్ట అవతల, మంచు మీద లాక్కెళ్లే స్లెడ్జి మీద ఉంది. అతనికీ తుపాకీకీ మధ్య, నల్ల చెట్ల నీడలో, నీడకన్నా నల్లగా ఒకటి నిలబడి ఉంది. అతనికి ముప్ఫై అడుగుల దూరం.

"కోటు విప్పెయ్!" అని అరిచింది రోజలీ.

ఇసిడోర్ తలెత్తి పళ్లన్నీ బయటపెట్టాడు. "అమ్మ ముందా? సాయంత్రం దాకా ఆగలేవేంటే?"

"విప్పు! నీకు దణ్ణం పెడతాను, విప్పు!"

"ఇదిగో, చలేస్తే నువ్వే..."

"ఇసిడోర్," అంది ఫిలొమీన్, గొంతు పెంచకుండా. "కోటు కింద పడెయ్. వెనక్కి తిరగకు. నా దగ్గరికి రా నాయనా."

అతని నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. గుండీలు విప్పాడు. కోటు జారవిడిచి, చొక్కాతో వాళ్లకేసి నడిచాడు. పరిగెత్తకుండా నడిచే ఆ ఇరవై అడుగులూ రోజలీ ఎలుగు మీంచి చూపు తిప్పలేదు.

ఎలుగు కోటు దగ్గరికి వచ్చింది. చింపుతుందనుకున్నారు. అది కాలర్‌లో, చంకల దగ్గర, కుట్టిన అంచు మీద ముక్కు పెట్టి తీరిగ్గా పీల్చింది. మళ్లీ కాలర్ దగ్గరికి వెళ్లింది. తలెత్తి ఇసిడోర్‌ను చూసింది. తర్వాత కోటును నోట కరుచుకుని, తొందరేమీ లేనట్టు చెట్లలోకి వెళ్లిపోయింది.

ఇసిడోర్ భార్య భుజం చుట్టూ చెయ్యి వేశాడు. "పోనీలే, కోటేగా. ఏడవకు."

"చింపలేదురా," అంది ఫిలొమీన్. "ఇన్నాళ్లూ ఆ వాసన వెనక మాంసం ఉంటుందని మాత్రమే తెలుసు దానికి. ఇవాళ నీ వాసన కూడా నేర్చుకుని పోయింది."

"బోనులు?"

"వదిలెయ్. ఊరికి పోదాం. ఇప్పుడే."

తుపాకీ తెచ్చుకున్నారు. ఇసిడోర్‌ను మధ్యలో పెట్టుకుని, తల్లి ముందు, రోజలీ వెనక నడిచారు. ఊరు రెండు రోజుల దారి. గాలి ఎదురుగా వీస్తోంది, అతని వాసనను వెనక్కి, చెట్లలోకి మోసుకుపోతూ.