పాప్‌కార్న్ కౌంటర్ నుంచి మార్నీ పెల్టోలా

మార్నీ పెల్టోలా రేడియోలో ఐస్ హాకీ కామెంటరీ చెబుతుంటే పక్కన కూర్చున్నవాడు కాఫీ కప్పు చేత్తో పట్టుకునే ఉండాలి. బల్ల మీద పెడితే ఒలికిపోయేది. ఆ పిల్ల బల్ల గుద్దేది, కుర్చీలోంచి లేచిపోయేది, రిఫరీని పేరు పెట్టి పిలిచి మరీ చీవాట్లు పెట్టేది. ఆల్డర్ కాలేజీ జట్టును ఏనాడూ ‘ఆల్డర్ జట్టు’ అనలేదు. ‘మనవాళ్ళు’ అనేది. రేడియోలో కూర్చున్న మనిషి ఏ పక్షమూ పట్టకూడదని గణితం ప్రొఫెసర్ ఒకాయన ఉత్తరం రాస్తే, దాన్ని ప్రసారంలోనే చదివి, “అయ్యా, మీరు పేపర్లు దిద్దేటప్పుడు ఏ పక్షమూ పట్టకండి, చాలు. హాకీ నాకొదిలేయండి” అంది. సరస్సు ఒడ్డున ఉన్న పోర్ట్ ఆల్డర్ ఊరు ఊరంతా వారం రోజులు అదే చెప్పుకుని నవ్వింది.

ఆమె పుట్టింది ఆ ఊళ్ళోనే. ఆరేళ్ళప్పుడు మంచు మీద ఆడే రింక్ చుట్టూ ఉండే గాజు గోడకు ముక్కు ఆనించి ఆట చూస్తూ, ఆ ముక్కు చల్లబడి మొద్దుబారిపోయినా తీసేది కాదు. కాలేజీలో చేరిన మొదటి వారమే విద్యార్థుల రేడియో స్టేషన్ మెట్లెక్కి, “హాకీ ఎవరు చెబుతున్నారు? వాళ్ళకన్నా నేను బాగా చెబుతాను” అంది. నిజంగానే బాగా చెప్పింది. మూడేళ్ళయినా ఆ కుర్చీ ఆమెదే. పక్క కుర్చీ డీనో మార్కెట్టిది. గోల్స్, పెనాల్టీలు రాసుకోవడం, ఆమె ఊపిరి తీసుకునే సందులో రెండు ముక్కలు మాట్లాడటం అతని పని.

1993 మార్చి మొదటి శుక్రవారం. కాలేజీల పోటీల్లో మొదటి అంచె. మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్ళు ముందుకు పోతారు, మిగిలినవాళ్ళు సామాను సర్దుకుంటారు. ఆటలో ఉండే మూడు పీరియడ్లలో రెండోది సగం దాటాక కెప్టెన్ జోయెల్ సవార్డ్ పక్ అనే రబ్బరు బిళ్ళను కర్రతో తోసుకుంటూ కుడి అంచు వెంబడి దూసుకొస్తున్నాడు. అవతలి జట్టు డిఫెండర్ భుజం అతని దవడకు తగిలింది. తల వెళ్ళి గాజు కింద ఉండే చెక్క గోడకు కొట్టుకుంది. ఆ చప్పుడు పైన కామెంటరీ గదిలోకి కూడా వినబడింది.

“సవార్డ్ పడ్డాడు. మోకాళ్ళ మీద ఉన్నాడు. లేచాడు, లేచాడండీ మన జోయెల్! బెంచీకి వెళ్తున్నాడు... అదేంటి? అటు కాదు జోయెల్. అది వాళ్ళ బెంచీ! గేటు మీద చెయ్యేశాడు, కాలు లోపల పెడుతున్నాడు. వాళ్ళ ఆటగాడే ఇతని భుజాలు పట్టుకుని ఇటు తిప్పి పంపిస్తున్నాడు. ఇతనికి తానెక్కడున్నాడో తెలుస్తున్నట్టు లేదు.”

మూడో పీరియడ్‌లో సవార్డ్‌ను మళ్ళీ దించారు. “ఇతన్ని ఎందుకు దించారో నాకు అర్థం కావడం లేదు” అని కూడా మార్నీ అనేసింది. మనవాళ్ళు మూడు రెండుతో ఓడారు. శనివారం కూడా ఓడితే అంతే సంగతులు.

శనివారం పొద్దున్నే క్రీడా విభాగం నుంచి కబురొచ్చింది. ఆ విభాగాన్ని చూసే లిండ్‌హోమ్ గారు పెద్దమనిషి. మార్నీ అంటే ముచ్చట కూడా. జనం ఆమె అరుపులు వినే టికెట్లు కొంటున్నారని పదిమందిలో మెచ్చుకున్నవాడే.

“రా, కూర్చో. ఏమన్నా తిన్నావా?” అంటూ దాల్చినచెక్క రస్కుల పొట్లం ముందుకు జరిపాడు. “నిన్న నువ్వొక మాటన్నావు.”

“చాలానే అన్నాను. ఏ మాట?”

“జోయెల్‌కి మతిపోయిందని.”

“అలా అనలేదు. వాళ్ళ బెంచీకి వెళ్ళాడన్నాను. వెళ్ళాడుగా!”

“మెడ పట్టింది, అంతే. మన శిక్షణ గదివాళ్ళు చూశారు, బాగానే ఉన్నాడు. ఇవాళ ఆడతాడు. కానీ నీ మాట విన్నవాళ్ళు పొద్దుట్నుంచీ ఫోన్ల మీద ఫోన్లు. అవతలి జట్టువాళ్ళు విన్నారనుకో, మొదటి నిమిషంలోనే వాడి తల మీదికి వస్తారు. ఆలోచించావా?”

మార్నీ ఆలోచించలేదు. ఆ మాట గుచ్చుకుంది కూడా. అయినా అడిగింది. “తల బాగానే ఉంటే, తల మీదికొస్తే భయమెందుకు?”

లిండ్‌హోమ్ ముఖంలో నవ్వు పోయింది. టైపు చేసిన కాగితం ఒకటి బల్ల మీద పెట్టాడు. నిన్న నేను పొరబడ్డాను, మా కెప్టెన్ పూర్తి ఆరోగ్యంతో ఉన్నాడు, శ్రోతలు క్షమించాలి అని నాలుగు ముక్కలు. ఆట మొదలుకాక ముందే చదవాలి.

“నువ్వు ఈ జట్టు అభిమానివేనా, కాదా?”

“మీరు ఈ ఊరికి రాకముందు నుంచీ.”

“మరైతే అభిమానిలా ఉండు.”

“ఉన్నాను కాబట్టే చదవను” అని కాగితం అక్కడే వదిలేసి లేచింది.

“చదవకపోతే పైగది తాళం నీకివ్వరు” అన్న మాట తలుపు దాకా వెంట వచ్చింది.

మధ్యాహ్నం రేడియో స్టేషన్ మెట్ల దగ్గర సవార్డే ఎదురయ్యాడు. ఆ చలిలో కోటు కూడా వేసుకోలేదు. ఎండ మంచు మీద పడి మెరుస్తుంటే కళ్ళు చికిలించుకుని నిలబడ్డాడు.

“నిన్నెవరడిగారు?” అన్నాడు. “నేను బాగున్నానో లేదో చెప్పడానికి నువ్వెవరు? నాకిదే ఆఖరి ఏడాది. నాలుగేళ్ళు ఒళ్ళు హూనం చేసుకున్నది నేనా, నువ్వా? నువ్వు పైన కూర్చుని నోరు నొప్పి పుట్టించుకుంటావ్, అంతేగా!”

మార్నీ మూడేళ్ళుగా ఆ పేరును గొంతు చించుకుని అరుస్తోంది. ఆ మనిషి తనతో మాట్లాడటం ఇదే మొదటిసారి.

“నేను చూసిందే చెప్పాను జోయెల్” అంది.

“చూశావంట, చూశావ్!” అని అటు తిరిగినవాడు ఆగాడు. “ఇవాళ ఆట ఎన్నింటికి?”

“ఏడింటికి.”

తల ఊపాడు. రెండు మెట్లు దిగి మళ్ళీ వెనక్కి చూశాడు. కోపమంతా పోయి, పసిపిల్లాడి ముఖంలా ఉంది. “ఇవాళ ఎన్నింటికి ఆట?”

మార్నీ లోపలికి పరుగెత్తి జట్టు శిక్షణ గదికి ఫోన్ చేసి, ఇప్పుడే జరిగింది చెప్పింది. “మేం చూసుకుంటాం” అని అవతల పెట్టేశారు. జరిగింది డీనోకి చెప్పి, “ఇది మాత్రం రేడియోలో చెప్పను” అంది. “ఐస్ మీద జరిగిందైతే అందరూ చూశారు. ఇది నాకూ అతనికీ మధ్య మాట.”

“మరి ఇంక రేడియోలో ఏం చెబుతావ్? గదికి తాళం వేశారు. వాళ్ళ మనిషినెవర్నో కూర్చోబెడుతున్నారట.”

“వెర్నా దగ్గర ఫోనుంది” అంది మార్నీ.

వెర్నా అంటే రింక్ ముఖద్వారం పక్కన పాప్‌కార్న్ కౌంటర్ నడిపే ఆవిడ. సరుకు అయిపోతే కబురు చెయ్యడానికి గోడకు ఒక టెలిఫోన్ ఉండేది, దానికి పొడవాటి తీగ. అక్కడి నుంచి గాజు తలుపుల్లోంచి రింక్ కనబడుతుంది, ఎడమ మూలకు మాత్రం స్తంభం అడ్డు. మార్నీ కౌంటర్ నుంచి స్టేషన్‌కి ఫోన్ చెయ్యాలి. స్టేషన్‌లో డీనో పైగది గొంతు ఆగిపోయేలా ఒక మీట దించి, టెలిఫోన్ గొంతు ప్రసారంలోకి వెళ్ళేలా ఇంకో మీట ఎత్తాలి. ఉపాయం అంతే.

“మనిద్దర్నీ కాలేజీ నుంచి తన్ని తగలేస్తారు” అన్నాడు డీనో.

“నువ్వు చెయ్యొద్దులే.”

“చెయ్యనని ఎవరన్నారు? తన్ని తగలేస్తారన్నాను, అంతే” అని డీనో మీటల బల్ల దగ్గరికి కుర్చీ లాక్కున్నాడు.

ఆరున్నరకు మార్నీ కౌంటర్ దగ్గరికి చేరేసరికి వెర్నా మొక్కజొన్న గింజలు నూనెలో పోస్తోంది. సంగతి విని, పెదవి విరిచి, “నాకీ రేడియో గొడవలు తెలియవు పిల్లా. చిట్లే గింజలు మీద పడకుండా కాస్త అటు నిలబడు” అని రిసీవర్ చేతికిచ్చింది.

అంతలో భారీ మనిషి ఒకడు భుజాల నిండా మంచుతో తలుపు తోసుకుని వచ్చాడు. “రేడియోలో మాట్లాడే పిల్ల ఎక్కడ?” అని అడిగాడు. పాప్‌కార్న్ కోసం వరుసలో ఉన్నవాళ్ళు మార్నీని చూపించారు. ఇంకొకడు తిట్టడానికొచ్చాడని ఆమె గట్టిగా నిలబడింది.

“నా పేరు అర్మాండ్ సవార్డ్, జోయెల్ నాన్నని. కెనడా వైపున్న థండర్ బే నుంచి వస్తున్నా, సరస్సంతా చుట్టి. గాలి బాగుంటే మీ స్టేషన్ నీళ్ళ మీదుగా మా రేవు దాకా వస్తుంది. లారీలో కూర్చుని వింటుంటాను. నిన్న నువ్వన్నది చూసి అన్నావా, ఊహించి అన్నావా?”

“చూసి.”

“మళ్ళీ చెప్పు.”

మార్నీ మళ్ళీ చెప్పింది. దవడకు తగిలిన భుజం, చెక్కకు కొట్టుకున్న తల, వాళ్ళ గేటు మీద వేసిన చెయ్యి. తర్వాత గొంతు తగ్గించి, మెట్ల దగ్గర జరిగింది కూడా ఆ తండ్రి ఒక్కడికీ చెప్పింది.

“ఫోన్ చేస్తే మెడ పట్టింది నాన్నా అన్నాడు, వెధవ” అన్నాడు అర్మాండ్. నేరుగా ఆటగాళ్ళ గది వైపు నడిచాడు. అక్కడ ఎవరో అడ్డుపడటం, ఆ అడ్డు పక్కకు జరిగిపోవడం మార్నీకి దూరం నుంచే కనబడింది.

ఏడింటికి రిసీవర్‌లో డీనో గొంతు వినబడింది. “మొదలెట్టు.”

“పాప్‌కార్న్ కౌంటర్ నుంచి మార్నీ పెల్టోలా మాట్లాడుతున్నాను. పైగదికి తాళం పడింది. నిన్న పొరబడ్డానని నన్ను చదవమన్నారు. నేను పొరబడలేదు, చదవను. ఇక్కడ ఎడమ మూలకు స్తంభం అడ్డం. అక్కడేం జరిగినా నాకు కనబడదు, కనబడనిది చెప్పను. మిగతాదంతా చెబుతాను. మనవాళ్ళు ఐస్ మీదికి వస్తున్నారు... పదిహేడో నంబరు లేడు. సవార్డ్ ఇవాళ ఆడటం లేదు.”

వరుసలో గుప్పున అలజడి రేగింది. ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకడు కౌంటర్ మీదికి వంగి, “నీ నోరే తిన్నది మన సీజన్‌ని!” అని టెలిఫోన్ కొక్కెం నొక్కబోయాడు. వెర్నా పాప్‌కార్న్ తోడే రేకు చేటతో వాడి వేళ్ళ మీద ఠక్కున కొట్టింది. “చెయ్యి తియ్యి. వెన్న వెయ్యాలా, వద్దా?”

రెండో పీరియడ్‌లో ఒకటి ఒకటిగా ఉన్నప్పుడు లిండ్‌హోమ్ దిగి వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది.

“ఫోన్ పెట్టెయ్ మార్నీ.”

మార్నీ చెవి దగ్గర్నుంచి రిసీవర్ తియ్యలేదు. “లిండ్‌హోమ్ గారు వచ్చారండీ, ఫోన్ పెట్టేయమంటున్నారు. పెట్టను. పక్ మధ్యగీత దాటింది, మనవాళ్ళ చేతిలోనే ఉంది, కొట్టాడు... అబ్బ! వాళ్ళ గోల్‌కీపర్ కాలితో ఆపేశాడు. ఆయనింకా ఇక్కడే ఉన్నారు. నేనూ ఇక్కడే ఉన్నాను.”

వరుసలో ఎవరో ఫక్కున నవ్వారు. లిండ్‌హోమ్ తీగ వైపు చూశాడు, జనం వైపు చూశాడు. ఇంతమంది ముందు ఒక ఆడపిల్ల చేతిలోంచి ఫోన్ లాక్కోవడం ఎలా ఉంటుందో తట్టినట్టుంది, “సోమవారం మాట్లాడదాం” అని వెళ్ళిపోయాడు.

ఆఖరి పీరియడ్‌లో ఆట ఎడమ మూలలోకి పోయింది. స్తంభం వెనక కర్రల చప్పుడు, కేకలు. గోల్ వెనకున్న ఎర్రదీపం వెలిగింది. “దీపం వెలిగింది. గోల్ అయినట్టుంది. ఎవరు కొట్టారో, ఎలా కొట్టారో నేను చూడలేదు” అంది. అవతలివాళ్ళు చేతులెత్తి గంతులేస్తున్నారు. రెండు ఒకటి. గడియారం అలాగే సున్నాకి వచ్చింది.

మార్నీ ఏడుస్తూనే, రెండు జట్లూ వరసగా చేతులు కలుపుకోవడం చివరి మనిషి దాకా పేరుపేరునా చెప్పి, అప్పుడు పెట్టింది ఫోను.

సవార్డ్ తలకు లోపల దెబ్బ తగిలిందని పెద్దాసుపత్రిలో తేలింది. ఆరు వారాలు చీకటి గదిలో పడుకోబెట్టారు. తర్వాత కాలేజీలో మార్నీ రెండుసార్లు ఎదురైనా అతను పలకరించలేదు. అర్మాండ్ మాత్రం, నీ గొంతు ఆగినప్పట్నుంచీ మీ స్టేషన్ సరిగ్గా వినబడటం లేదని ఒక కార్డు రాశాడు. మార్నీకీ డీనోకీ ఆ చదువుల ఏడాది ముగిసేదాకా స్టేషన్‌లోకి ప్రవేశం లేదన్నారు. కొన్నాళ్ళు బజారులో ఎదురైతే ముఖం తిప్పుకున్నవాళ్ళున్నారు, చిన్నప్పట్నుంచి ఎరిగినవాళ్ళు కూడా. అవి తగిలాయి ఆమెకు. కానీ ఒక్క రోజు కూడా, అనకుండా ఉండాల్సింది అనుకోలేదు.

సెప్టెంబరులో కొత్త పద్ధతి పెట్టారు. కామెంటరీ చెప్పేవాళ్ళు ఒప్పందం మీద సంతకం చెయ్యాలి. మూడో వరసలో, ఆటగాళ్ళ దెబ్బల గురించి మాట్లాడకూడదు అని ఉంది. మార్నీ ఆ వరస మీద అడ్డంగా గీత కొట్టి, కింద సంతకం చేసి పంపింది. వేరే కాగితం వచ్చింది. మళ్ళీ కొట్టేసి పంపింది. మూడోసారి గీత ఎంత గట్టిగా కొట్టిందంటే కాగితం చిరిగింది. అలాగే పంపింది. దానికి జవాబు రాలేదు.

అక్టోబరులో మొదటి ఆట రోజు డీనోని వెంటబెట్టుకుని పైగదికి వెళ్ళింది. తలుపు తీసే ఉంది. లోపల లిండ్‌హోమ్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

“నిన్నెవరు రమ్మన్నారు?”

“కాగితం తిరిగి రాలేదుగా. వచ్చేశాను.”

ఆయన ఏదో అనబోయాడు. మార్నీ అప్పటికే కుర్చీ లాక్కుని, హెడ్‌ఫోన్ తల మీద పెట్టుకుని, “డీనో, ఇవాళ మన గోల్‌కీపర్ ఎవరు?” అని అడుగుతోంది.